రేపు పొద్దున చెప్పండి

విశాఖ బీచ్ రోడ్డులో పొద్దున్నే నడిచేవాళ్ళ మధ్య "మడమ నొప్పిగా ఉందండీ" అని ఒక్క మాట పైకి అని చూడండి. కాళీమాత గుడి దగ్గర అంటే, కురుసుర జలాంతర్గామి దగ్గరికి చేరేలోపు మీ దగ్గర పది వైద్యాలుంటాయి. ఇటుకరాయి కాల్చి, దాని మీద జిల్లేడాకు పరిచి, ఆ ఆకు మీద మడమ ఆనించమని ఒకరు. నీళ్ళ సీసా ఫ్రీజర్లో గడ్డకట్టించి అరికాలి కింద దొర్లించమని ఇంకొకరు. ఒకాయనైతే బెంచీ మీద కూచుని, షూ విప్పి, లోపలి సిలికాన్ మెత్త బయటికి తీసి, దాని ధర కూడా చెప్పారు. వేడి పెట్టమనేవారూ మంచు పెట్టమనేవారూ పక్కపక్కనే నడుస్తుంటారు. ఒకరి మాట ఒకరు కాదనరు. మర్యాదస్తులు.

వైద్యాలు ఎన్నున్నా సలహాలు మాత్రం చివరికి రెండే. "కొన్నాళ్ళు నడక మానెయ్యి" అనేది ఒకటి. ఇది ఇంట్లోవాళ్ళది. "పట్టించుకోకండి, నడుస్తుంటే అదే పోతుంది" అనేది రెండోది. ఇది తోటి నడకవాళ్ళది. మానేసినవాళ్ళలో మళ్ళీ మొదలుపెట్టినవాళ్ళను నేను తక్కువగా చూశాను. పట్టించుకోనివాళ్ళు కొన్ని నెలలు పళ్ళ బిగువున నడిచి, ఆ తర్వాత కుంటుతూ మానేశారు. రెండు దారులూ సోఫా దగ్గరే కలుస్తాయి.

నాది ఎడమ మడమ. యాభై దగ్గరపడుతుండగా, నడకలో మధ్యమధ్య కాస్త పరుగు కూడా కలిపిన రోజుల్లో పట్టుకుంది. ఈ నొప్పికి ఒక వేళ ఉంది. నడిచేటప్పుడు కాదు, పడుకుని లేచినప్పుడు. అలారం ఆపి, మంచం దిగి, మొదటి అడుగు నేల మీద మోపగానే మడమ లోపలివైపు నుంచి సలుపు సర్రున పైకెక్కుతుంది. గోడ పట్టుకుని, మునివేళ్ళ మీద బాత్రూము దాకా వెళ్ళేసరికి సగం తగ్గుతుంది. పాలు కాచి కాఫీ కలిపేసరికి ఉందా లేదా అన్నట్టుంటుంది. షూ వేసుకుని బయల్దేరితే శుభ్రంగా నడవనిస్తుంది. మనిషి మోసపోయేది అక్కడే. ఇంటికొచ్చి, పేపరు చదువుతూ గంటసేపు కుర్చీలో కూచుని లేచామా, పొద్దుటి బాకీ వడ్డీతో సహా వసూలు చేసుకుంటుంది. కొబ్బరిబొండాల అతను ఒకరోజు నేను ఆటో దిగడం చూసి "ఏటమ్మా, కుంటతన్నావు?" అన్నాడు. అంతకు గంట ముందు అతని ముందు నుంచే చకచకా నడిచి వెళ్ళాను.

ఒంట్లో 206 ఎముకలుంటే, పాదానికి 26 చొప్పున 52 రెండు పాదాల్లోనే ఉన్నాయి. మనం ఎప్పుడూ తేరిపార చూసుకోని చోట నాలుగో వంతు ఎముకలు! వాటిని అడుగు నుంచి పట్టి ఉంచేది, మడమ ఎముక దగ్గర మొదలై వేళ్ళ మొదళ్ళ దాకా సాగే ఒక గట్టి పట్టీ. డాక్టర్లు ప్లాంటార్ ఫేషియా అంటారు. ఇప్పుడే ఒక కాలు రెండో మోకాలి మీద వేసుకుని, బొటనవేలిని చేత్తో పట్టి వెనక్కి వంచండి. రెండో చేతి వేలు అరికాలి వంపులో ఉంచితే, లోపల ఒక తాడు బిగుసుకోవడం తెలుస్తుంది. వేలు వెనక్కి వంగినకొద్దీ ఆ వంపు పైకి లేస్తుంది. ఈ కిటుకును 1954లో హిక్స్ అనే పరిశోధకుడు వివరించి రాశారు. అడుగు వేసినప్పుడల్లా, మడమ లేచి బరువు వేళ్ళ మీదికి రాగానే, ఈ పట్టీ బిగిసి పాదాన్ని కర్రలా గట్టిపరుస్తుంది. రోజుకు కొన్ని వేలసార్లు చెయ్యాల్సిన చాకిరీ ఇది. రాత్రి నిద్రలో పాదం కిందికి వాలి ఉంటుంది కనుక పట్టీ ముడుచుకుపోతుంది. పొద్దున మొదటి అడుగుకు ఒక్కసారిగా సాగాలి. ఆ మూలుగు దానిదే.

ఎక్స్‌రే తీస్తే చాలామందికి మడమ ఎముక అడుగున చిన్న ముల్లు పెరిగినట్టు కనబడుతుంది. "ఎముక పెరిగిందట" అని ఇంటిల్లిపాదీ బెంగ పెట్టుకుంటారు. నొప్పి ఊసే ఎరగనివాళ్ళ మడమల్లోనూ ఆ ముల్లు ఉంటుంది. ముల్లు ఎక్కడిదక్కడ ఉండగానే నొప్పి పోయినవాళ్ళూ ఉన్నారు. ఆ ఫిల్మును ఫోన్లో దాచుకుని పెళ్ళిళ్ళలో కూడా చూపించే ఓపిక ఉన్నవాళ్ళు, అందులో సగం ఓపిక పిక్కల వ్యాయామం మీద పెడితే మేలు.

నేను వెళ్ళిన ఫిజియోథెరపిస్టు మా అమ్మాయి ఈడు పిల్ల. ఎక్కడ నొప్పి అని కాదు, "ఆంటీ, ఈ మధ్య ఏం పెంచారు?" అని అడిగింది మొదట. దూరమా, వేగమా, ఒంటి బరువా? షూ మార్చారా? తారు రోడ్డు వదిలి ఇసకలోకి దిగారా? మన బీచ్‌లో ఇసక మెత్తన, పైగా సముద్రం వైపు ఏటవాలు. మడమ దిగబడుతుంది. దాన్ని పైకి లాక్కోవడానికి పిక్కకూ, మడమ వెనకనుండే అకిలీస్ స్నాయువుకూ పని పెరుగుతుంది. ఒడ్డు వెంట ఒకే దిక్కుగా నడిస్తే ఒక కాలు ఎప్పుడూ పల్లంలోనే ఉంటుంది. ఇక పరుగంటారా, ఒక్కో అడుగుకూ మన బరువుకు రెండు మూడు రెట్ల ఒత్తిడి పాదం మీద పడుతుంది. అరవై కిలోల మనిషికి 120 నుంచి 180 కిలోలన్నమాట. ఇవేవీ తప్పులు కావట. ఉన్నపళంగా పెంచితేనే పేచీ.

"సరేనమ్మా, నడవమంటావా, మానమంటావా?" అన్నాను.

"నొప్పికి సున్నా నుంచి పది దాకా మార్కులు వెయ్యండి ఆంటీ. నడుస్తుండగా మూడో నాలుగో అయితే ఫరవాలేదు. అయిదు దాటితే ఆపెయ్యండి. అసలు సంగతి మాత్రం ఇప్పుడు కాదు, రేపు పొద్దున చెప్పండి. మంచం దిగిన మొదటి అడుగు ఇవాళ్టికంటే అధ్వాన్నంగా ఉంటే, మీరు ఇవాళ నడిచింది ఎక్కువైనట్టు. దూరం సగానికి తగ్గించండి. ఇలాగే ఉంటే ఇదే దూరం నడవండి."

ఇన్నాళ్ళూ నేను విన్న సలహాలన్నీ అవునా కాదా అని తేల్చేసేవే. ఈ పిల్ల వచ్చి దాన్ని ఎంత అనే లెక్కలోకి మార్చేసింది. కూరలో ఉప్పు ఎక్కువైందని ఎవరూ పొయ్యి ఆర్పేసి కూచోరు, నోరు మూసుకుని తినమనీ అనరు. రేపు తగ్గించి వేస్తారు. మడమ విషయంలో ఈమాత్రం ఇంగితం మనకెందుకు తోచదో తెలీదు.

ఇది ఆ అమ్మాయి సొంత కొలత కాదని తర్వాత చదివి తెలుసుకున్నాను. 2007లో స్వీడన్ పరిశోధకులు అకిలీస్ నొప్పి ఉన్నవాళ్ళను రెండు జట్లుగా విడదీశారు. మొదటి ఆరు వారాలూ ఒక జట్టును పరుగులూ గెంతులూ మానెయ్యమన్నారు. రెండో జట్టును నొప్పి అయిదు దాటకుండా చూసుకుంటూ కొనసాగించమన్నారు. వ్యాయామాలు ఇద్దరికీ ఒకటే. రెండు జట్లూ దాదాపు ఒకేలా బాగుపడ్డాయి. కొనసాగించినందువల్ల చెడిందేమీ లేదు. ఇప్పుడు మిగతా నొప్పులకు కూడా ఫిజియోలు ఇదే కొలత వాడుతుంటారు.

అదే దేశంలో హాకన్ ఆల్‌ఫ్రెడ్‌సన్ అనే ఎముకల డాక్టరు గురించి చెప్పుకునే కథ ఇంకా బాగుంటుంది. ఆయనకే అకిలీస్ నొప్పి. ఆపరేషన్ చెయ్యమంటే పై డాక్టరు ఒప్పుకోలేదట. తెగిపోతే చెయ్యక ఎక్కడికి పోతారని, మడమను బరువుతో కిందికి దించే వ్యాయామాన్ని నొప్పిని లెక్కచెయ్యకుండా, తెంపడానికే చేశారట. స్నాయువు తెగలేదు సరికదా, నొప్పే పోయింది. తర్వాత పదిహేనుమంది చేత 12 వారాలు అదే వ్యాయామం చేయించి 1998లో ఆ ఫలితాలు ప్రచురించారు. పదిహేనుమందీ మళ్ళీ పరుగుకు వెళ్ళారు. పై అధికారి కాదన్నందువల్ల లోకానికి మేలు జరిగిన సందర్భాలు అరుదు. ఇది అందులో ఒకటి.

మడమ అడుగు నొప్పికి ఇలాంటి పద్ధతే డెన్మార్క్‌వాళ్ళు 2014లో చెప్పారు. తువ్వాలు చుట్టి మెట్టు అంచున పెట్టాలి. వేళ్ళు దాని మీద ఎత్తుగా ఉండాలి. ఒంటికాలి మీద మూడు సెకన్లలో మెల్లగా పైకి లేచి, రెండు సెకన్లు ఆగి, మూడు సెకన్లలో కిందికి దిగాలి. రోజు విడిచి రోజు. వేళ్ళు వెనక్కి వంగి ఉంటాయి కనుక హిక్స్ చెప్పిన ఆ పట్టీ బిగిసి, బరువు నేరుగా దాని మీదే పడుతుంది. ఉత్త సాగదీతలు చేసినవాళ్ళకంటే వీళ్ళు మూడు నెలలకు ముందంజలో ఉన్నారు. ఏడాది తిరిగేసరికి ఇద్దరూ సమానమే. అంటే ఇది మహిమ కాదు, నెలల వ్యవహారం. మేడ మెట్ల దగ్గర గోడ పట్టుకుని నేను ఇలా లేస్తూ దిగుతుంటే, పక్కింటి పిన్నిగారు "ఎవరి కోసమే, అలా నిక్కి నిక్కి చూస్తున్నావు?" అన్నారు.

"పట్టించుకోకండి" అనే జట్టువాళ్ళు మాటకు ముందు ఆటగాళ్ళ పేర్లు చెబుతారు. సింధు నొప్పితో ఆడి బంగారు పతకం తేలేదా అంటారు. నిజమే. 2022 ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో ఎడమ కాలికి పట్టీ వేసుకునే ఫైనల్ ఆడి గెలిచింది. ఆ తర్వాతి సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. ఎడమ పాదంలో స్ట్రెస్ ఫ్రాక్చర్ బయటపడింది. ఆ నెలలోనే టోక్యోలో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్‌కు వెళ్ళలేకపోయింది. తిరిగి కోర్టులోకి వచ్చింది 2023 జనవరిలో. ఈ తరహా పగులు ఒక్క దెబ్బతో రాదు. ఎముక కోలుకునే వ్యవధి ఇవ్వకుండా అదే బరువు మళ్ళీ మళ్ళీ మోపితే వస్తుంది. మైళ్ళకొద్దీ కవాతు చేసిన సైనికుల పాదాల్లో దీన్ని 1855లోనే ప్రష్యా సైనిక వైద్యుడు బ్రైట్‌హాప్ట్ గుర్తించాడు. ఫైనల్ ముందున్న చాంపియన్ ఆ వెల కట్టడానికి సిద్ధపడిందంటే అర్థం ఉంది. బీచ్ రోడ్డులో మనకు ఏ ఫైనలూ లేదు.

మనకున్నదల్లా గిరి ప్రదక్షిణ. ఆషాఢ పౌర్ణమి వస్తోందంటే సింహాచలం తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, అడవివరం, హనుమంతవాక, మాధవధార, గోపాలపట్నం మీదుగా కొండ చుట్టూ 32 కిలోమీటర్లు. లక్షల మంది, అందులో చాలామంది ఉత్త కాళ్ళతో. ఏడాది పొడుగునా కుర్చీ కింద విశ్రాంతి తీసుకున్న పాదాలు ఒక్క రోజులో ఆ చుట్టు తిరుగుతాయి. మర్నాడు ఆఫీసుల్లో, బస్సుల్లో ఊరు ఊరంతా కుంటుతుంది. భక్తికి నేను అడ్డు చెప్పను. నేనూ వెళ్తాను. నెలా రెండు నెలల ముందు నుంచి దూరం కొద్దికొద్దిగా పెంచుకుంటూ వస్తే స్వామికి వచ్చే లోటేమీ ఉండదని మాత్రం నా మనవి.

"మా రోజుల్లో చెప్పులే లేవు, ఈ నొప్పులూ లేవు" అంటారు మా అత్తగారు. చెప్పుల్లేని మాట నిజం. కానీ ఆవిడ నడిచింది మట్టి మీద, పొలం గట్ల మీద, పేడతో అలికిన నేల మీద. నేను నిలబడేది విట్రిఫైడ్ టైల్స్ మీద. నా మడమ నొప్పికి ఇంట్లో అందరూ పొద్దుటి నడకనే ముద్దాయిని చేశారు. మెత్తటి షూతో గంటసేపు నడిస్తే వచ్చిందట! ఆ గంట కాక, ఇడ్లీలు మొదలు రాత్రి గిన్నెలు సర్దేదాకా రాతి నేల మీద ఉత్త కాళ్ళతో నిలబడిన గంటలు ఎవరి లెక్కలోకీ రాలేదు. ఆడవాళ్ళ మడమ నొప్పుల మీద దర్యాప్తు జరిపించాలంటే వంటింటి నుంచి మొదలుపెట్టాలి.

ఫిజియో పిల్ల ఇంట్లో కూడా మెత్తటి చెప్పులు వేసుకోమంది. "వంటింట్లో చెప్పులేమిటే?" అని అత్తగారు కొన్నాళ్ళు మాట్లాడలేదు. చివరికి సంధి కుదిరింది. ఆ జత ఎన్నడూ గుమ్మం దాటి బయటికి వెళ్ళకూడదు, దేవుడి గది గడప లోపలికి రాకూడదు. ఇప్పుడు ఆవిడకూ ఒక జత ఉంది. ఎవరైనా వస్తే మంచం కిందికి తోసేస్తారు.

ఆ చెప్పులు ఎమ్.సి.ఆర్. చెప్పులు. ఎముకల ఆస్పత్రుల పక్కన దుకాణాల్లో వేలాడుతుంటాయి. బొటనవేలితో నొక్కితే దిగి, వదిలితే లేస్తాయి. మైక్రోసెల్యులర్ రబ్బరన్నమాట. అవి మడమ నొప్పుల కోసం పుట్టినవని నేను అనుకుంటూ ఉండేదాన్ని. అసలు కథ వేరు. మన దేశంలో ఆ రబ్బరుతో చెప్పులు చేయించింది నొప్పి అంటే ఏమిటో తెలియని పాదాల కోసం.

పాల్ బ్రాండ్ అనే ఇంగ్లీషు సర్జన్ 1914లో తమిళనాడు కొల్లి కొండల్లో పుట్టి, 1946లో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి వచ్చారు. కుష్ఠు రోగుల వేళ్ళు రోగం తినేస్తే రాలిపోతాయని అప్పట్లో అందరి నమ్మకం. ఆయన ఏళ్ళ తరబడి పరిశీలించి, అలా కాదని తేల్చారు. రోగం నరాల్ని దెబ్బతీసి స్పర్శను తీసుకుపోతుంది, అంతే. ఆ తర్వాత కాలిన సంగతి తెలియక, మేకు దిగిన సంగతి తెలియక, పుండు మీదే నడుస్తూ మనుషులు తమ కాళ్ళను తామే పోగొట్టుకుంటున్నారు. నిద్రలో ఎలుకలు కొరికినా మెలకువ రాని రోగులున్నారు. నొప్పి చెయ్యాల్సిన కాపలా పని ఏదో ఒకటి చెయ్యాలి కదా! ఒత్తిడి ఒకచోట పడకుండా పాదమంతా పంచే మెత్తటి చెప్పుల కోసం ఆయనా ఆయన బృందమూ పడిన తిప్పల్లోంచి వచ్చినవే ఈ ఎమ్.సి.ఆర్. చెప్పులు.

ఆయనే రాసుకున్న సంగతి ఒకటుంది. 1950ల్లో సుదీర్ఘ ప్రయాణం చేసి, రైల్లో లండన్ చేరి, రాత్రి గదిలో సాక్సులు విప్పుతుండగా ఒక మడమకు స్పర్శ లేనట్టు తోచింది. సూది తీసి గుచ్చుకున్నారు. తెలియలేదు. ఇంకాస్త లోతుగా గుచ్చారు. రక్తం వచ్చింది గాని నొప్పి లేదు. కుష్ఠు తనకూ వచ్చేసిందనుకుని, భార్యాబిడ్డలకు దూరంగా బతకబోయే బతుకును ఊహించుకుంటూ రాత్రంతా గడిపారు. తెల్లారి మళ్ళీ గుచ్చుకుంటే ప్రాణం జివ్వుమంది. రైల్లో కదలకుండా కూచోవడం వల్ల నరం నొక్కుకుపోయిందంతే. మడమలో నొప్పి పుట్టినందుకు అంత సంబరపడిన మనిషి ఇంకొకరుండరు. ఆ కథ చదివిన మర్నాడు కూడా నా మొదటి అడుగు నొప్పి పుట్టింది. తిట్టుకోవడం మాత్రం మానేశాను.

బెణుకు గురించి రెండు మాటలు. చీలమండ బయటివైపుకు మడతపడి వాచినప్పుడు చింతపండూ ఉప్పూ ఉడికించి పట్టువెయ్యడం మన ఇళ్ళలో ఎప్పటినుంచో ఉంది. విశ్రాంతి, మంచు, కట్టు, కాలు ఎత్తులో పెట్టడం అనే సూత్రాన్ని 1978లో అమెరికా డాక్టరు గేబ్ మిర్కిన్ ప్రచారంలోకి తెచ్చారు. మంచూ పూర్తి విశ్రాంతీ గాయం మానడాన్ని ఆలస్యం చెయ్యవచ్చని తర్వాత ఆయనే రాశారు. పట్టు సంగతి ఎలా ఉన్నా, నాలుగడుగులు వెయ్యలేకపోయినా, గిలక ఎముక వెనక అంచున నొక్కితే ప్రాణం పోతున్నా ఎక్స్‌రే తీయించాలి. ఒట్టావా డాక్టర్లు 1992లో పెట్టిన ఈ నియమాన్ని అత్యవసర విభాగాల్లో ఇప్పటికీ వాడుతున్నారు. వాపు తగ్గాక పళ్ళు తోముకుంటున్నంతసేపూ ఒంటికాలి మీద నిలబడండి. ఒకసారి బెణికిన కాలు నిలకడ మరిచిపోయి మళ్ళీ బెణుకుతుంది. దానికి నిలకడ మళ్ళీ నేర్పాలి.

షుగరు ఉన్నవాళ్ళకు మాత్రం నా మార్కుల లెక్క పనికిరాదు. ఏళ్ళ తరబడి షుగరు ఉంటే పాదాల నరాలు మొద్దుబారుతాయి. పదికి సున్నా వచ్చిందంటే బాగుందని కాదు, కాపలా నిద్రపోయిందని కావచ్చు. కాబట్టి రాత్రి పడుకోబోయే ముందు అరికాళ్ళు చూసుకోండి. వంగలేకపోతే నేల మీద అద్దం పెట్టుకుని చూడండి. చెప్పుల్లో చెయ్యి పెట్టి తడిమాకే తొడుక్కోండి. ఏడాదికి ఒక్కసారైనా డాక్టరు ముందు రిపోర్టుల ఫైలు పక్కనబెట్టి, చెప్పులు విప్పి, పది గ్రాముల నైలాన్ పోగుతో పాదాలకు స్పర్శ పరీక్ష చెయ్యమని మీరే అడగండి. రెండు నిమిషాల పని. స్పర్శ తగ్గిందని తేలితే, ఈసారి గిరి ప్రదక్షిణ డాక్టరును అడిగే చెయ్యండి, అదీ చెప్పులు వేసుకునే. సింహాద్రి అప్పన్న ఏమీ అనుకోడు.